యాభై ఎనిమిది రోజులు

1963 జూన్ 17, సోమవారం, ఉదయం పదిన్నరకు హుస్సేనీ ఆలంలోని ఒక ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో నా కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చాను. ప్రవేశ పత్రం నేనే నింపాను. అందులో నాలుగో గడి పుట్టిన తేదీకి సంబంధించినది. తేదీని ముందు అంకెల్లో, దాని కింద అక్షరాల్లో రాయాలని ఆ గడిలోనే అచ్చు వేసి ఉంది. రెండు విధాలా రాశాను. 27-2-1958. కింద, పందొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరం, ఫిబ్రవరి నెల, ఇరవై ఏడో తేదీ.

నా కూతురు పుట్టింది 1957 ఫిబ్రవరి 27, బుధవారం నాడు. రోజు మార్చలేదు, నెల మార్చలేదు. సంవత్సరం ఒక్కటే మార్చాను.

పెద్ద పంతులమ్మ పత్రం చదివి, పిల్లను ఎగాదిగా చూసింది.

"ఐదేండ్ల పిల్ల లెక్క లేదు గదయ్యా. మస్తు పొడుగున్నది."

"వాళ్లమ్మ పోలికండీ" అన్నాను.

"జూన్ నెల వచ్చిందంటే అందరి అమ్మలు పొడుగోళ్లే అయితరు" అని నవ్వి, సంతకం చేసింది.

ఆ నవ్వులో తప్పుపట్టడం లేదు. మా గల్లీల్లో అప్పుడు దీన్ని అబద్ధం అనేవారు కాదు, ముందుచూపు అనేవారు. బడిలో రాసిన తేదీయే రేపు ఉద్యోగంలో తేదీ అవుతుంది. ఉద్యోగంలో తేదీని బట్టే ఇంటికి పంపుతారు. బడిలో ఒక ఏడాది తగ్గిస్తే చివర ఒక ఏడాది జీతం పెరుగుతుంది. నా విషయంలో మా నాయన రెండేళ్లు తగ్గించాడు. ఆయన గుడిలో అర్చకుడు. ఆయనకు పదవీ విరమణ అనేది లేదు. అయినా కొడుకు సర్కారు నౌకరీ చేయాలన్న కోరికతో, 1337 ఫసలీలో, అంటే ఇంగ్లీషు లెక్కలో 1927లో, పుట్టిన నన్ను 1339లో పుట్టినట్టు రాయించాడు. నిజాం కాలంలో దఫ్తర్లన్నీ ఫసలీ సంవత్సరాల్లోనే నడిచేవి.

ఈ ఫసలీ లెక్క నా జీవితంలో చాలా భాగం ఆక్రమించింది. నేను గుమాస్తాగా పనిచేసిన ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు నా బల్ల దగ్గరే ఉండేవి. పాతవాళ్ల పుట్టిన తేదీలు ఫసలీలో ఉండేవి. వాటిని ఇంగ్లీషు తేదీల్లోకి మార్చి, ఎవరు ఏ నెలాఖరున ఉద్యోగం నుంచి దిగిపోవాలో లెక్క కట్టి పైకి పంపడం నా పని. ఒక్క రోజు అటూ ఇటూ అయినా ఒక మనిషి జీతంలో తేడా వస్తుంది. నేను లెక్క కట్టిన తేదీ మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అటువంటి పనిలో ఉన్నవాణ్ని గనుక వయసు నియమాలన్నీ తెలుసు అనుకున్నాను. తెలిసినవన్నీ గరిష్ఠ వయసు నియమాలే. ఇంత వయసు దాటితే ఉద్యోగం రాదు, ఇంత దాటితే పరీక్ష రాయనివ్వరు, ఇంత దాటితే ఇంటికి పోవాలి. ఇంత వయసు లేకపోతే లోపలికి రానివ్వరు అనే నియమం కూడా ఒకటి ఉంటుందని, అది నా ఇంటికే వస్తుందని, ఆ సోమవారం నేను ఆలోచించలేదు. పిల్ల పంతులమ్మ అవుతుంది, ఒక ఏడాది ఎక్కువ పనిచేసుకుంటుంది అనుకున్నాను. నా దృష్టిలో అది నేను ఆమెకు ఇచ్చిన మొదటి ఆస్తి.

1966లో ఆమె మూడో తరగతి పూర్తిచేసినప్పుడు బడి నుంచి కబురు వచ్చింది. నాలుగులో కూర్చోబెట్టడం దండగ, సరాసరి ఐదులో వేస్తామన్నారు. సంతోషంగా సంతకం పెట్టాను. కాగితం ప్రకారం ఆమెకు అప్పుడు ఎనిమిదేళ్ల మూడు నెలలు. ఆ తరగతిలో మిగతా పిల్లలకు పదేళ్లు. ఒక ఏడాది నేను తగ్గించాను, ఇంకో ఏడాది ఆమె తన తెలివితో తగ్గించుకుంది. ఈ రెండింటినీ కలిపి కూడాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

పదో ఏట ఆమె ఒకసారి మార్కుల కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"బాపూ, బడిల నాకు ఒక సాలు తక్కువ రాసిండ్రు. చెప్పి దిద్దిపియ్యవా?"

"బడి లెక్క బడిది బిడ్డా, ఇంటి లెక్క ఇంటిది. పో, చదువుకో."

దిద్దించడం సులభమైన సంవత్సరాలు అవి. పది పరీక్ష రాసేలోపు బడి పుస్తకంలో తేదీ మార్చాలంటే ఒక దరఖాస్తు చాలు. ఆ తర్వాత తేదీ పరీక్ష సర్టిఫికెట్ మీదికి ఎక్కుతుంది, అక్కడితో ముద్ర పడుతుంది. ఆమె నన్ను అడిగిన నాటికి పది పరీక్షకు ఇంకా ఐదేళ్ల గడువు ఉంది.

1974లో ఆమె ఇంటర్మీడియట్ పూర్తిచేసింది. వైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టింది. ఆగస్టు 5, సోమవారం, ఎంపికైనవారి జాబితా గోడకు అంటించారు. ఆమెది నూట పన్నెండో పేరు. మా వంశంలో గుడిలో, దఫ్తరులో తప్ప ఇంకెక్కడా పనిచేసినవారు లేరు. ఆడవాళ్లలో బడి దాటినవారు లేరు. ఆమె జాబితా ముందు నిలబడి ఆ అంకె మూడుసార్లు చదివింది. నేనూ మూడుసార్లు చదివాను.

ఫీజుకు, పుస్తకాలకు నేను నాలుగు నెలలుగా దాచింది సరిపోతుంది. ఇక కావలసింది ఎముకలు. మొదటి సంవత్సరం పిల్లలు శరీర నిర్మాణం నేర్చుకోవడానికి నిజమైన మనిషి ఎముకలు కొనుక్కోవాలని, అవి పై తరగతుల వాళ్ల దగ్గర పాతవి దొరుకుతాయని ఆమె ముందే తెలుసుకుంది. ఆగస్టు 8న అఫ్జల్‌గంజ్‌లో గది తీసుకుని ఉంటున్న ఒక నాలుగో సంవత్సరం విద్యార్థి దగ్గర డెబ్బై రూపాయలకు సగం సెట్టు కొన్నాం. రేకు పెట్టెలో పెట్టి, చేసంచిలో వేసి ఇచ్చాడు. నయాపూల్ దాటి నడిచి వచ్చాం. దారి పొడుగునా నా కూతురు ఆ సంచి నన్ను పట్టుకోనివ్వలేదు.

ఇంట్లో ఆమె తల్లి ఎదురొచ్చింది.

"గదేందే?"

"బొక్కలమ్మా. చదువుకు."

"ఎవరియి?"

"నాకేం తెలుసు ఎవరియో."

"ఎవరియో బొక్కలు తెచ్చి దేవునర్ర పక్కన పెడ్తవా? మీ తాత గుళ్లె పూజారి! ఆయన ఉన్న ఇల్లిది!"

"తాతయి అయితే కావు గదమ్మా, ఫికర్ చెయ్యకు."

నాకు నవ్వు ఆగలేదు. నా భార్య నా వైపు తిరిగింది. "మీరు నవ్వుండ్రి. బిడ్డ బొక్కలు తెస్తది, తండ్రి నవ్వుతడు. మంచిగున్నది సంసారం. ఆ డబ్బ అటక మీద పెట్టుండ్రి, పసుపునీళ్లు నేను చల్లుకుంట."

పెట్టె అటక ఎక్కలేదు. నా కూతురు ఒక్కొక్క ఎముకకు చిన్న చీటీ అంటించి, దాని మీద అంకె వేసి, ఆ అంకెకు పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. మూడో రోజుకు వంటింటి గడప దగ్గర నుంచి తల్లే అడగడం విన్నాను. "గీ వంకరది ఏందే? చెయ్యిదా, కాలుదా?" దగ్గరికి మాత్రం రాలేదు.

ఆగస్టు 12, సోమవారం, సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచారు. కిటికీ వెనక ఉన్న గుమాస్తా నా వయసువాడే. ఒక్కొక్క కాగితం మీద వేలు ఆనించి చదువుతున్నాడు. పది పరీక్ష సర్టిఫికెట్ దగ్గర వేలు ఆగింది.

"పదిహేడు నిండలే గదండీ ఈ అమ్మాయికి."

"నిండినయండీ" అన్నది నా కూతురు.

"డిసెంబరు ముప్పై ఒకటి వరకు పదిహేడు నిండాలె. గది రూలు. ఇండ్ల యాభై ఎనిమిది ఫిబ్రవరి ఉన్నది."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికే నా లెక్క పూర్తయింది. జనవరికి ముప్పై ఒకటి, ఫిబ్రవరికి ఇరవై ఏడు. యాభై ఎనిమిది రోజులు తక్కువ.

"నేను శివరాత్రి నాడు పుట్టిన సార్. నాకు పదిహేడు దాటి ఐదు నెల్లయింది. మా అమ్మనడుగుండ్రి" అన్నది.

"శివరాత్రికి సర్టిఫికెట్ ఉండదమ్మా." ఆయన గొంతులో ఎగతాళి లేదు. నా వైపు చూశాడు. "తారీఖు దిద్దినట్టు పరీక్షలోళ్ల దగ్గర ఆర్డరు తెచ్చుకోండ్రి. సెప్టెంబరు రెండు దాకా సీటు ఆపుతం. దాటిందంటే కిందోళ్లకు పోతది."

మా వెనకే నిలబడిన ఒక అబ్బాయికి కూడా అదే చిక్కు వచ్చింది. ఆ పిల్లవాడికి తక్కువైనవి నలభై రోజులు. తండ్రి వకీలు. ఆ తండ్రి కంగారుపడలేదు. "మావాడు నర్సింగ్ హోమ్‌ల పుట్టిండు, కాయితం ఉన్నది" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ కాగితాన్ని బట్టి పురపాలక రిజిస్టరు నకలు, ఆ నకలును బట్టి దిద్దుబాటు ఉత్తర్వు, అన్నీ పదకొండు రోజుల్లో వచ్చాయని తర్వాత తెలిసింది. అందులో అక్రమం ఏమీ లేదు. ఆసుపత్రిలో పుట్టినవాడికి కాగితం ఉంది. ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లకు లేదు.

లేకపోవడానికి మంత్రసానిని తప్పుపట్టలేను. మరునాడు పురపాలక కార్యాలయానికి వెళ్లి 1957 రిజిస్టరు తీయించాను. ఫిబ్రవరి, మార్చి నెలల పుటలన్నీ చూశాను. నా కూతురి పుట్టుక లేదు. 1960, 1962 రిజిస్టర్లలో నా ఇద్దరు కొడుకుల పుట్టుకలు ఉన్నాయి. రెండుసార్లూ మూడో రోజే వెళ్లి రాయించాను. కూతురు పుట్టినప్పుడు వెళ్లలేదు. ఆ వారం కార్యాలయంలో పని ఎక్కువగా ఉందో, సెలవు దొరకలేదో ఇప్పుడు చెప్పలేను. దాని గురించి ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

ఇంట్లో ఉన్నది జాతకం కాగితం ఒక్కటే. తిథి, నక్షత్రం, ఘడియలు అన్నీ మా నాయన చేతిరాతతో ఉన్నాయి. తాత రాసిన జాతకాన్ని సాక్ష్యంగా తీసుకోరని చెప్పారు. మిగిలిన దారి నా ప్రమాణపత్రం. బడిలో ఆ తేదీ ఇచ్చింది నేను కాబట్టి, అది ఎందుకు తప్పో నేనే ప్రమాణం చేసి చెప్పాలి.

మా సూపరింటెండెంట్ నాకన్నా మూడేళ్లు పెద్ద. మొఘల్‌పురాలో ఉండేవాడు. కాగితం పని ఏదైనా ఆయనకు చూపించకుండా చేసేవాణ్ని కాదు. విషయమంతా విని, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ అడిగాడు.

"అయితే ఏం రాస్తవ్ భాయ్ అండ్ల?"

"తెలిసే ఒక సంవత్సరం తక్కువ ఇచ్చిన అని."

"బహుత్ ఖూబ్. సర్కారు బడికి తెలిసి ఝూటా తారీఖు ఇచ్చిన సర్కారు నౌకరు. గా కాయితం తిరిగి తిరిగి ఏడికి వస్తది? ఈడికే వస్తది. నీ టేబుల్ మీదికే! అప్పుడు పెద్ద సాబ్ అడుగుతడు, బిడ్డది దిద్దిండు, మరి తనది సంగతేంది అని. పుట్టిన తారీఖుల సెక్షన్‌ల కూసున్నవ్ నువ్వు, యాది పెట్టుకో." చాయ్ తాగి, గొంతు తగ్గించాడు. "నీది ఎంత?"

"రెండేండ్లు."

"నాది మూడు" అని నవ్వాడు. ఆ తర్వాత నవ్వడం మానేశాడు. "పొరపాటు అని రాయి. పొరపాటుకు ఎవ్వని నౌకరీ పోదు."

ఆగస్టు 13 నుంచి 21 వరకు తొమ్మిది రోజులు ఏ కాగితమూ రాయలేదు. చేసిన పని ఒక్కటే, లెక్క. నా జీతం నాలుగు వందల ముప్పై రెండు రూపాయలు. తినేవాళ్లం, మా అమ్మతో కలిపి, ఆరుగురం. కొడుకులిద్దరూ బడిలో ఉన్నారు. నా తేదీ కదిలితే చివరి రెండేళ్లు పోతాయి, అంటే ఇరవై నాలుగు జీతాలు. తెలిసి తప్పు తేదీ ఇచ్చినందుకు శిక్ష పడితే ఉద్యోగమే పోవచ్చు. ఇదంతా ఒక వైపు. రెండో వైపు ఒక సీటు. రెండో వైపున్న దాన్ని రూపాయల్లోకి మార్చడానికి నాకు పద్ధతి తెలియలేదు. అందుకని లెక్క ప్రతిరోజూ ఒకే వైపు మొగ్గింది.

ఆ తొమ్మిది రోజులూ నా కూతురు కాగితం ఎంతవరకు వచ్చిందని అడగలేదు. నేను తేదీల మనిషినని, గడువు ఎప్పుడో నాకు తెలుసని ఆమె నమ్మకం.

ఆగస్టు 22, గురువారం, ప్రమాణపత్రం దాఖలు చేశాను. 'ప్రవేశ పత్రంలో సంవత్సరము పొరపాటున వ్రాయబడినది' అని రాశాను. రాసినవాడు ఎవరో వాక్యంలో లేకుండా జాగ్రత్తపడ్డాను.

ఆగస్టు 30, శుక్రవారం, దిద్దుబాట్లు చూసే అధికారి నన్ను పిలిపించాడు. ఆయన బల్ల మీద ఒక పాత కాగితం ఉంది. బడి నుంచి అసలు ప్రవేశ పత్రమే తెప్పించాడు. పదకొండేళ్లయినా సిరా వెలిసిపోలేదు.

"ఎవరి రాత ఇది?"

"నాదేనండీ."

"మస్తుగున్నది రాత." కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "చూడు పెద్దమనిషీ. అంకెల్ల ఒకటి, అక్షరాల్ల ఇంకోటి ఉంటే పొరపాటంటం. నీది రెండిట్ల ఒకటే ఉన్నది. కొట్టివేత లేదు, దిద్దు లేదు. గింత మంచిగ రాసినోడు పొరపాటు చేసిండంటే నేనెట్ల నమ్మాలె? పైన నన్ను అడిగెటోడు నమ్ముతడా?"

మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, పత్రాన్ని నా వైపు తిప్పాడు.

"తెలిసే రాసిన అని ఇంకో కాయితం ఇస్తవా? సోమవారం పొద్దుగాల పదకొండు దాకా ఇది నా దగ్గరనే పెడ్త. ఇస్తే పైకి పంపుత. ఒప్పుకుంటరా లేదా, అది నా చేతుల లేదు. గీ పొరపాటు కాయితం మటుకు నడవదు."

పొరపాటు అన్న ప్రమాణపత్రాన్ని తిరస్కరించినట్టు రాసిన ఉత్తర్వు నకలు ఒకటి నా చేతికి ఇచ్చాడు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నది ఒడ్డున పెద్దాసుపత్రి గోడ పక్కగా నడిచి వచ్చాను. ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరుంబావు. నా కూతురు వాకిట్లో చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, పెట్టెలోంచి ఒక్కొక్క ఎముకా తీసి, తడిమి, పేరు చెబుతోంది. తమ్ముళ్లు పుస్తకం పట్టుకుని ఒప్పో తప్పో చూస్తున్నారు. నన్ను చూసి పిల్లలిద్దరూ లేచి వెళ్లారు. ఆమె చేయి చాపింది. కాగితం ఇచ్చాను.

రెండుసార్లు చదివింది.

"పొరపాటు కాదు గద బాపూ."

"కాదు."

"నువ్వే గట్ల రాసినవ్ గద."

"నేనే రాసిన."

"మరి గదే రాయరాదూ?"

అధికారి ఇచ్చిన గడువు చెప్పాను. సోమవారం పదకొండు. ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసిన తర్వాత మిగతాది కూడా చెప్పాను. నా రెండేళ్ల సంగతి, సూపరింటెండెంట్ మాట, ఆ కాగితం చివరికి ఏ బల్ల మీదికి వస్తుందో, అన్నీ వరుసగా, తేదీలతో సహా చెప్పాను. చెప్పకుండా ఉండవచ్చు. సోమవారం వెళ్లి సంతకం పెట్టి రావచ్చు.

"నీ నౌకరీ పోతదా?"

"పోవచ్చు. పోకపోవచ్చు."

"గట్ల రాస్తే, నాకు సీటు వస్తదా?"

"రావచ్చు. రాకపోవచ్చు."

ఆమె చేతిలో ఏదో చిన్న ఎముక ఉంది. దాన్ని పెట్టెలో దాని చోట పెట్టింది. తల్లి వంటింటి గడప మీద నిలబడి ఉంది. తమ్ముళ్లు గోడ అవతల దేనికో లొల్లి పెట్టుకుంటున్నారు.

"ఉండనీ బాపూ" అన్నది. "తమ్ముళ్లు ఇంకా చదువుకోవాలె."

ఆమె ఆ మాట అనగానే నాకు ఊపిరి తిరిగింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. పదిహేడేళ్ల పిల్ల అన్న మాటను నేను ఉత్తర్వులాగా స్వీకరించాను. వద్దులే బిడ్డా, సోమవారం వెళ్తాను అని ఎదురు చెప్పలేదు. తల్లి ఆ రోజు నుంచి చాలా కాలం నాకు వడ్డించేటప్పుడు నా ముఖం చూడలేదు.

సెప్టెంబరు 2, సోమవారం, పదీ ఇరవైకి నా బల్ల దగ్గర కూర్చున్నాను. పదకొండు దాటింది. ఆ రోజు ఫసలీ నుంచి ఇంగ్లీషులోకి మార్చిన తేదీలు మూడు. మూడూ సరైనవే.

ఆరు రోజుల తర్వాత, ఆదివారం, ఎముకల పెట్టె కోసం ఒక అబ్బాయి తండ్రితో కలిసి వచ్చాడు. అఫ్జల్‌గంజ్‌లో మాకు అమ్మిన విద్యార్థే మా చిరునామా ఇచ్చాడట. కిటికీ దగ్గర మా వెనక నిలబడిన పిల్లవాడే. తండ్రి మమ్మల్ని గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను.

నా కూతురు చాప పరిచి, పెట్టె తెరిచి, ఒక్కొక్కటి చూపించింది. "ఇది ఎడమ చెయ్యిది. కుడిదనుకుంటవ్, ఈ గాటు చూసి గుర్తు పట్టాలె. ఇది జెర పగిలింది, కొన్నప్పుడే గట్ల ఉండె. చీటీలు పీకకు, పేర్లు ఈ పుస్తకంల ఉన్నయి." ఆ అబ్బాయి శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండుసార్లు ప్రశ్నలు అడిగాడు. మంచి పిల్లవాడు. చివర పెట్టె మూస్తూ, చాలా మర్యాదగా అడిగాడు.

"మీరు ఏ ఇయర్ మేడం?"

"నేను చేరలే" అన్నది నా కూతురు.

వకీలు వంద కాగితం తీశాడు. ఆమె డెబ్బై తీసుకుని, ముప్పై లెక్కపెట్టి ఇచ్చింది. నోటుపుస్తకానికి డబ్బు తీసుకోలేదు. వాళ్లు వెళ్లిన తర్వాత నా భార్య పెట్టె ఉన్న చోట పసుపునీళ్లు చల్లుతుందనుకున్నాను. చల్లలేదు. ఆ చాప చుట్టి పక్కన పెట్టింది.

మరుసటి ఏడు కాగితం ప్రకారం కూడా ఆమెకు పదిహేడు నిండాయి. 1975లో మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఆ ఏడు జాబితాలో చివరి పేరుకు ఆమె కన్నా నాలుగు మార్కులు ఎక్కువ ఉన్నాయి. ఆమె మార్కులు తగ్గలేదు, అవే మార్కులు. పక్క రాష్ట్రంలో డబ్బు కట్టి చేరే వైద్య కళాశాల ఒకటి ఉందని, ముప్పై ఐదు వేలు విరాళం ఇస్తే మార్కులు ఎవరూ అడగరని ఒక బంధువు చెప్పాడు. అది నా ఎనభై ఒక్క నెలల జీతం. ఆ బంధువుకు చాయ్ ఇచ్చి పంపించాం.

ఆమె బీఎస్సీలో చేరింది. మూడేళ్లు అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారేది. బస్సు ఆగే చోటి నుంచి, వైద్య విద్యార్థులు పని నేర్చుకునే పెద్దాసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. ఆ దారిన పోవద్దని, చార్మినార్ వైపు నుంచి వేరే బస్సు ఉందని నేను ఒకసారి అన్నాను. "గది పది నిమిషాలు ఎక్కువ పడుతది బాపూ" అన్నది. ఆ తర్వాత బీఈడీ చేసి, 1981లో జల్‌పల్లిలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలైంది. 1963లో నేను అనుకున్నట్టే పంతులమ్మ అయింది.

కొడుకులిద్దరూ పట్టభద్రులయ్యారు. వాళ్ల తేదీలు నేను మార్చలేదు. పురపాలక రిజిస్టరులో ఉన్నందువల్ల మార్చడానికి వీలు కాలేదు.

1983లో ప్రభుత్వం పదవీ విరమణ వయసును యాభై ఎనిమిది నుంచి యాభై ఐదుకు తగ్గించింది. యాభై ఐదు దాటినవాళ్లందరూ ఫిబ్రవరి నెలాఖరుకు ఇళ్లకు పోవాల్సి వచ్చింది. మా కార్యాలయంలో ఆ జాబితా తయారుచేసింది నేనే. నా అసలు వయసు అప్పటికి యాభై ఐదేళ్ల మూడు నెలలు. కాగితం మీద యాభై మూడేళ్ల మూడు నెలలు. నా పేరు జాబితాలో రాయలేదు. తర్వాత మళ్లీ యాభై ఎనిమిది చేశారు. 1987 నవంబరు 30న నేను పదవీ విరమణ పొందాను. నా తేదీని ఎవరూ, ఎప్పుడూ అడగలేదు. 1974లో నేను ఆ రెండో కాగితం ఇచ్చి ఉంటే అడిగేవారా అన్నది తేల్చడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అడిగి ఉండకపోవచ్చు అన్నది నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

ఈ ఏడాది, 1989 జూన్‌లో, ఆమె ఇంట్లో మరిచిపోయిన తాళంచెవి ఇవ్వడానికి జల్‌పల్లి బడికి వెళ్లాను. చేరికల రోజులు. సున్నం మరకలున్న బట్టలతో ఒక కూలి మనిషి బల్ల ముందు నిలబడి ఉన్నాడు. పక్కన అతని కూతురు. నేను గుమ్మం దగ్గర ఆగాను.

"పుట్టిన తారీఖు?" అని అడిగింది నా కూతురు.

"గది మీరే రాయుండ్రి టీచరమ్మా. ఒక సాలు తక్కువ రాయుండ్రి. ముంగట నౌకరికి పనికొస్తదంటరు గద."

ఆమె తలెత్తి పిల్లను చూసింది. పిల్ల వయసుకు మించి పొడుగుగా ఉంది. ఆ తర్వాత తల వంచి, అతను చెప్పిన సంవత్సరమే రాసింది. అంకెల్లో రాసి, కింద అక్షరాల్లో రాసింది. అతను బొటనవేలి నిశానీ వేసి, దండం పెట్టి, పిల్లను వదిలి వెళ్లిపోయాడు.

తాళంచెవి ఇస్తూ అడిగాను. "అసలు తారీఖు అడగకపోతివి?"

"అడిగి ఏం చెయ్యాలె బాపూ? నిజం రాస్తే ఎవలికి లుక్సాను అయితదో, అబద్ధం రాస్తే ఎవలికి అయితదో, పదేండ్లకు గద తెలిసేది. ఆయన చెప్పింది రాసిన." ఇంకో తండ్రి లోపలికి వస్తున్నాడు. "ఎండల నిలవడకు. ఇంటికి పో."

బస్సులో కూర్చుని లెక్క కట్టాను. యాభై ఎనిమిదే కొనసాగితే, నిజమైన తేదీ ప్రకారం ఆమె 2015 ఫిబ్రవరి 28న ఉద్యోగం దిగిపోవాలి. నేను రాసిన తేదీ ప్రకారం 2016 ఫిబ్రవరి 29న దిగిపోతుంది. అది లీపు సంవత్సరం. తేడా మూడు వందల అరవై ఆరు రోజులు. ఆ రోజుల జీతం ఆమెకు అదనంగా వస్తుంది. అప్పటికి నేను ఉండను. నా దగ్గరి నుంచి ఆమెకు చేరేది అదే.